రాష్ట్రపతి అభ్యర్థికి మార్కులేసేది టీవీ కాదు, ప్రశ్నపత్రం మన చేతికి రావాల



 పోస్టు పొడుగ్గానే ఉంటాది. సగం చదివి కామెంట్ పెట్టొద్దు. మొత్తం చదివి, ఆ తర్వాత తిట్టాలనిపిస్తే తిట్టండి.

నాలుగు రోజులుగా గ్రూపులో ఒకటే రచ్చ. 2022 రాష్ట్రపతి ఎన్నికప్పటి టీవీ చర్చల వీడియో ముక్కలు ఎవరో మళ్ళీ పెట్టినారు. ఒక పక్క యశ్వంత్ సిన్హా మైకు ముందర గడగడా మాట్లాడతాంటాడు. ఇంకో పక్క ద్రౌపది ముర్ము గారు చేతులు జోడించి, నవ్వి, ముందుకు పోతాంటారు. కింద స్టూడియోలో కూర్చున్న నలుగురు "ఈమె ఏం మాట్లాడింది? ఏం మాట్లాడగలదు?" అని మార్కులేస్తాంటారు.

దాని కింద మన గ్రూపు రెండు ముక్కలైపోయింది. ఒక జట్టు, "నిజమే కదా, ఒక్క ప్రెస్ మీట్ అన్నా పెట్టలేదు, పార్టీ కూర్చోబెడితే కూర్చున్నారు" అంటాది. ఇంకో జట్టు, "మన బిడ్డ ఆ కుర్చీలో కూర్చుంటే చాలు, ప్రశ్న అడిగేవాడు జాతి ద్రోహి" అంటాది.

మేము రెండు జట్లతోనూ కొట్లాడేదానికే ఈ పోస్టు రాస్తున్నాం. ఒక జట్టు నోరు చూసి మార్కులేస్తాంది. ఇంకో జట్టు పుట్టుక చూసి మార్కులేస్తాంది. రాష్ట్రపతి పని నోటితోనూ కాదు, పుట్టుకతోనూ కాదు, సంతకంతో జరుగుతాది. సంతకం పెట్టిన చోట ఏం చేశారు, పెట్టకుండా ఆపిన చోట ఏం చేశారు, మన ప్రశ్నకు ఏం జవాబిస్తారు, ఇవే చూడాల. 2027 జులైతో ముర్ము గారి ఐదేళ్ళు అయిపోతాయి. మళ్ళీ అభ్యర్థులు వస్తారు, మళ్ళీ టీవీలు మార్కులేస్తాయి. అప్పటికి మన ప్రశ్నపత్రం మన దగ్గర రెడీగా ఉండాలనేదే మా మాట.

ముందు 2022లో ఏం జరిగిందో వరసగా గుర్తు చేసుకుందాం. ఆ సంవత్సరం జులై 18న పోలింగ్, 21న లెక్కింపు, 25న ప్రమాణ స్వీకారం. ముర్ము గారికి వచ్చిన ఓట్ల విలువ 6,76,803. సిన్హాకు 3,80,177. మధ్యలో నెల రోజులు ప్రచారం. సిన్హా ఊరూరా తిరిగి, రబ్బరు స్టాంపు రాష్ట్రపతిని కానని ప్రతిజ్ఞ చేయమని ముర్ము గారిని అడిగినాడు. బీహార్ నాయకుడు తేజస్వీ యాదవ్ అయితే, రాష్ట్రపతి భవన్‌లో మనకు విగ్రహం అక్కర్లేదనీ, అభ్యర్థి అయ్యాక ఆమె గొంతు ఎవరూ వినలేదనీ అన్నాడు. మన తెలుగు సినిమా డైరెక్టరు రామ్ గోపాల్ వర్మ ఆమె పేరు పట్టుకుని పాండవులెవరు, కౌరవులెవరు అని జోకులేసినాడు. దాని మీద హైదరాబాదులో ఫిర్యాదులు కూడా పోయినాయి. గెలిచినాక కూడా లోక్‌సభలో కాంగ్రెస్ నాయకుడు అధీర్ రంజన్ చౌదరి టీవీ కెమెరా ముందర ఆమెను "రాష్ట్రపత్ని" అన్నాడు. తర్వాత నోరు జారిందని క్షమాపణ రాసినాడు.

ఇక్కడ మనం అడగాల్సిన మొదటి ప్రశ్న ఒకటుంది. మన దేశంలో రాష్ట్రపతి అభ్యర్థులను ఎదురెదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలడిగే టీవీ వేదిక ఎప్పుడన్నా ఉందా? లేదు. పరీక్షే పెట్టలేదు. పెట్టని పరీక్షలో ఒకరిని ఫెయిల్ చేసినారు. ఆమె జవాబు తప్పని కాదు, ఆమె నిశ్శబ్దంగా ఉందని ఫెయిల్ చేసినారు.

"అట్లయితే పరీక్ష పెట్టాల్సింది, ఆమె రావాల్సింది" అంటారా? సరే, పదేళ్ళు వెనక్కి పోదాం. 2012. అప్పుడూ ఒక ఆదివాసీ అభ్యర్థి ఉన్నాడు. పి.ఎ. సంగ్మా. మేఘాలయ గారో తెగ మనిషి. ముఖ్యమంత్రి చేసినాడు, లోక్‌సభ స్పీకరు చేసినాడు. స్పీకరు కుర్చీలో ఆయన సభను నవ్వించి, గద్దించి నడిపిన తీరు దేశమంతా టీవీలో చూసింది. ఆదివాసీ ఒకరు రాష్ట్రపతి కావాలని పట్టుబట్టి, సొంత పార్టీని వదిలి మరీ పోటీ చేసినాడు. ఆ సంగ్మానే ప్రణబ్ ముఖర్జీని బహిరంగ చర్చకు రమ్మని పిలిచినాడు. "రా, ఇద్దరం కూర్చుందాం, దేశం చూస్తాది" అన్నట్టు. ప్రణబ్ రాలేదు. ఇది అమెరికా ఎన్నిక కాదు, మన దగ్గర ఆ పద్ధతి లేదు అని అటువైపోళ్ళు కొట్టిపారేసినారు.

చూడండి అన్నా. 2012లో మన మనిషి "మాట్లాడదాం రా" అంటే, రాష్ట్రపతి పదవికి చర్చ మర్యాద కాదన్నారు. 2022లో మన మనిషి మాట్లాడకపోతే, మాట్లాడని మనిషి ఆ పదవికి పనికిరాదన్నారు. పరీక్ష రాస్తామంటే హాల్ టికెట్ ఇయ్యలేదు. ఇంకోసారి పరీక్ష పెట్టకుండానే సున్నా వేసినారు. ఇది మనకు కొత్తా? స్కూల్లో, కాలేజీలో, ఆఫీసుల్లో రోజూ చూసేదే కదా.

ఇంకో మాట. 2022లో మన రాష్ట్రంలో పార్టీలన్నీ సామాజిక న్యాయం అని ముర్ము గారి వెనక నిలబడినాయి. సంతోషం. మరి 2012లో సంగ్మా ఆదివాసీ కాదా? అప్పుడు తెలుగుదేశం ఓటింగుకు దూరంగా ఉండింది. అప్పుడప్పుడే పుట్టిన వైఎస్సార్ కాంగ్రెస్ ప్రణబ్‌కు ఓటేసింది. సంగ్మాకు 3,15,987, ప్రణబ్‌కు 7,13,763 వచ్చినాయి. ఆదివాసీ మీద ప్రేమ గెలిచే పక్కనే ఎందుకు పుడతాదో మీరే ఆలోచించుకోండి.

ఇప్పుడు నోటి పరీక్ష గురించి. మొదటి జట్టుకు మా మాట ఇది. మీరు కూడా హాస్టళ్ళలో చదివినోళ్ళే. ఇంటర్వ్యూలో, గ్రూప్ డిస్కషన్లో మనకేమవుతాదో మీకు మేం చెప్పాల్నా? పదిమందిని గుండ్రంగా కూర్చోబెడతారు. టాపిక్ ఇస్తారు. టౌన్లో ఇంగ్లీషు మీడియంలో చదివిన పిల్లోడు ముందర మొదలుపెడతాడు. విషయం లేకపోయినా వాక్యం ఉంటాది. మనకు విషయం ఉంటాది, వాక్యం ఉండదు. ఇంట్లో గోర్ బోలి, బడిలో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు. మూడు గడపలు దాటి మాట బయటికొచ్చే లోపల టైమ్ అయిపోతాది. "కమ్యూనికేషన్ వీక్" అని రాసి పంపిస్తారు. ఎరుకల పిల్లోళ్ళకూ అంతే, యానాదుల పిల్లోళ్ళకూ అంతే. మనల్ని ఏ కొలతతో కొలిచి బయటికి తోసినారో, అదే కొలత తీసుకుని మనం ముర్ము గారిని కొలుస్తామా?

టీవీ ఎట్లా మార్కులేస్తాదో తెలిసిన కథే ఒకటుంది. 1960 సెప్టెంబరు 26న షికాగోలో కెనడీ, నిక్సన్ ఎదురెదురుగా నిలబడినారు. అమెరికా అధ్యక్ష అభ్యర్థుల మొదటి టీవీ చర్చ అది. నిక్సన్ మోకాలి జబ్బుతో ఆస్పత్రిలో ఉండి వచ్చినాడు, మొహం పీక్కుపోయి ఉంది. కెనడీ కళకళలాడతా ఉన్నాడు. ఈనాటికీ ఆ చర్చ గురించి జనం చెప్పుకునేది మొహాల గురించే. ఎవరు ఏ విధానం చెప్పినారని అడగండి, నూటికి ఒకరు కూడా చెప్పలేరు. టీవీకి కావాల్సింది మొహం, గొంతు, ధైర్యంగా కనపడ్డం. అవి ఉన్నోళ్ళ ఇంట్లో తొందరగా పండుతాయి. అందుకే టీవీ మార్కు అంటే చాలాసార్లు పుట్టిన ఇంటికి వేసిన మార్కే.

అట్లని మాట్లాడడం అక్కర్లేదని మేము అనడం లేదు. పదవి అడిగేవాళ్ళు జవాబు చెప్పాల్సిందే. కానీ జవాబుకు మార్కు వేయాల, వాక్చాతుర్యానికి కాదు.

సంతకం దగ్గరికి వద్దాం. "విగ్రహం", "రబ్బరు స్టాంపు" అన్నోళ్ళు 2017లో ఎక్కడున్నారో మాకు తెలీదు. అప్పుడు ముర్ము గారు జార్ఖండ్ గవర్నరు. అక్కడ ఆదివాసీల భూమిని కాపాడేది రెండు పాత చట్టాలు. 1908 నాటి ఛోటానాగ్‌పూర్ కౌలు చట్టం, 1949 నాటి సంథాల్ పరగణా కౌలు చట్టం. 2016 నవంబరులో అక్కడి బీజేపీ ప్రభుత్వం ఈ రెండింటికీ సవరణలు తెచ్చింది. వ్యవసాయ భూమిని వేరే పనులకు వాడుకునేదానికి దారి తెరిచే సవరణలు. ఆదివాసీలు రోడ్ల మీదికి వచ్చినారు. బిల్లులు గవర్నరు బల్ల మీదికి పోయినాయి. గవర్నరు ఎవరు? అదే బీజేపీలో ఎమ్మెల్యే చేసి, మంత్రి చేసి వచ్చిన మనిషి. తన పార్టీ ప్రభుత్వం పంపిన బిల్లు. సంతకం పెట్టేస్తే అయిపోతాది, ఎవరూ ఏమీ అనరు. 2017లో ఆమె ఆ బిల్లులు వెనక్కి పంపినారు. అదే ఆగస్టులో ప్రభుత్వం సవరణలు వదులుకుంది.

టీవీ చర్చల్లో గంటలు గంటలు అరిచినోళ్ళలో ఎంతమంది సొంత పార్టీ ప్రభుత్వానికి ఇట్లా ఎదురు నిలబడినారు? గడగడా మాట్లాడిన నోరు ఎంత భూమి ఆపింది? మాట్లాడని చెయ్యి ఎంత ఆపింది? లెక్కెయ్యండి.

ఇంకొకటి. 2022 నవంబరు 26, రాజ్యాంగ దినోత్సవం. సుప్రీంకోర్టు పెట్టిన సభ. పెద్ద పెద్ద జడ్జీలు ముందర కూర్చున్నారు. రాష్ట్రపతి రాసుకొచ్చిన ఇంగ్లీషు ప్రసంగం అయిపోయినాక కాగితం పక్కన పెట్టి, హిందీలో సొంత మాటలు మొదలుపెట్టినారు. జైళ్ళలో మగ్గుతున్న పేదోళ్ళ గురించి. చిన్న చిన్న గొడవలకు లోపల పడి, బయటికి తెచ్చుకునే శక్తి ఇంటోళ్ళకు లేక, ఏళ్ళకేళ్ళు ఉండిపోయినోళ్ళ గురించి. జైళ్ళు ఇంకా కట్టాలంటున్నారే, సమాజం ముందుకు పోతుంటే జైళ్ళు ఎందుకు పెరగాల అని అడిగినారు. జడ్జీల మొహం మీదనే అడిగినారు. మాట రాదన్న మనిషి మాట్లాడాల్సిన చోట, మాట్లాడాల్సిన వాళ్ళ ముందర మాట్లాడినారు. మాట ఉండేదెందుకంటే ఇందుకు.

మయూర్‌భంజ్ జిల్లా ఉపర్‌బేడా అనే సంథాల్ ఊర్లో పుట్టి, ఆ ఊరి నుంచి కాలేజీకి పోయిన మొదటి ఆడపిల్లను నేనేనని ప్రమాణ స్వీకారం రోజు ఆమె చెప్పినారు. మా హాస్టల్లో చాలామందిమి మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటోళ్ళం. మా అక్కచెల్లెళ్ళకు ఆ ఒక్క మాట ఎంత బలమో మాకు తెలుసు. బీడు పడిన వేరుశనగ చేను చూసి బెంగళూరుకు మేస్త్రీ పనికి పోయిన యాడీ బాపులు, ఆ మాట విని ఫోన్ చేసి "చదువు ఆపొద్దు బిడ్డా" అన్నారు. దాన్ని మేము తీసేయం, తీసేయనివ్వం.

ఇంతవరకు మొదటి జట్టుతో. ఇప్పుడు రెండో జట్టు అన్నలారా, మీతో.

"మన బిడ్డ, ప్రశ్న అడగొద్దు" అంటారు. సరే. పుట్టుకే చాలంటే, మన జిల్లాకు ఆ లెక్క ఎప్పుడో తేలిపోయి ఉండాల. మన అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి గారు 1969లో రాష్ట్రపతి పదవికి పోటీ చేసి, ఇంకో తెలుగాయన వి.వి. గిరి చేతిలో కొద్దిలో ఓడిపోయినారు. గిరికి 4,20,077, ఈయనకు 4,05,427. మళ్ళీ 1977లో పోటీ లేకుండా గెలిచి 1982 దాకా రాష్ట్రపతిగా ఉన్నారు. అంతకు ముందే ఆంధ్రప్రదేశ్ మొదటి ముఖ్యమంత్రి. పెద్ద మనిషే, కాదనం. కానీ మన జిల్లావాడు రాష్ట్రపతి అయినందుకు పామిడి పక్కన పెన్నలో నీళ్ళు పారినాయా? కరువు పోయిందా? తాండాల నుంచి వలస బస్సులు ఆగినాయా? కుర్చీలో మనోడు ఉంటే మన పని తనంతట తాను జరగదు. అడిగితేనే, అదీ గట్టిగా అడిగితేనే జరుగుతాది.

జార్ఖండ్‌లో ఆదివాసీలు అడిగినారు, రోడ్డెక్కినారు, వినతి పత్రాలు మోసుకుని గవర్నరు దగ్గరికి పోయినారు. అందుకే ఆ బిల్లులు వెనక్కి పోయినాయి. వాళ్ళు "మన బిడ్డే కదా, ఆమే చూసుకుంటాది" అని ఇంట్లో కూర్చొని ఉంటే ఏమయ్యేదో. ముర్ము గారిని గొప్ప చేసింది ఆమె ధైర్యమొక్కటే కాదు, అడిగినోళ్ళ గొంతు కూడా.

అందుకని ఆమెకూ ప్రశ్నలుంటాయి. అదే జార్ఖండ్‌లో పథల్‌గడీ ఉద్యమం వచ్చినప్పుడు ఖూంటీ జిల్లా ఆదివాసీల మీద రాజద్రోహం కేసులు పెట్టినారు. గవర్నరుగా ఐదో షెడ్యూలు ప్రాంతాల బాధ్యత ఆమె మీద ఉన్న కాలం అది. ఆ కేసులు ఎత్తేస్తామని నిర్ణయం తీసుకుంది 2019 డిసెంబరులో వచ్చిన కొత్త ప్రభుత్వం. ఇంకొకటి, 2023లో అటవీ సంరక్షణ చట్టానికి సవరణ. కొన్ని రకాల అటవీ భూములను ఆ చట్టం నుంచి తప్పించే సవరణ. ఆదివాసీ సంఘాలు వద్దన్నాయి. పార్లమెంటు పాస్ చేసింది, ఆగస్టులో రాష్ట్రపతి సంతకం పడింది. గవర్నరుగా వెనక్కి పంపిన చెయ్యే, రాష్ట్రపతిగా ఎందుకు వెనక్కి పంపలేదు? ఈ ప్రశ్న అడిగితే జాతి ద్రోహమా? కాదు. గౌరవం ఉన్నోళ్ళనే ప్రశ్న అడుగుతాం. విగ్రహానికి దండం పెడతాం, మనిషిని ప్రశ్న అడుగుతాం. ఆమెను ప్రశ్న అడగొద్దనే మీరూ, విగ్రహం అన్న తేజస్వీ, ఇద్దరూ ఆమెను ఒకే చోట నిలబెడుతున్నారు!

"రాష్ట్రపతికి అధికారాలు ఎక్కడున్నాయప్పా, మంత్రివర్గం చెప్పినట్టు చేయాల్సిందే" అని లా చదివే అన్నలు అంటారు. 74వ అధికరణం మేమూ చదివినాం. మంత్రివర్గం సలహా ప్రకారమే నడవాల, నిజమే. కానీ ఒకసారి మళ్ళీ ఆలోచించమని సలహాను వెనక్కి పంపొచ్చు. 111వ అధికరణం కింద మామూలు బిల్లును కూడా ఒకసారి పార్లమెంటుకు తిప్పి పంపొచ్చు. ఆ ఒక్కసారికి ఎంత విలువ ఉంటాదో జార్ఖండ్ చూపించింది. ఇంకా వినండి. ఏ ప్రాంతం షెడ్యూల్డ్ ఏరియా అవుతాదో ప్రకటించేది రాష్ట్రపతి ఉత్తర్వే. ఎస్టీల జాబితా 342వ అధికరణం కింద మొదట రాష్ట్రపతి పేరుతోనే వచ్చింది. ఆ తర్వాత మార్పులు పార్లమెంటు చట్టంతో, ఆ చట్టం మీద మళ్ళీ రాష్ట్రపతి సంతకంతో. షెడ్యూల్డ్ ప్రాంతాల పాలన మీద గవర్నరు ఏటేటా నివేదిక పంపాల్సింది రాష్ట్రపతికే. జాతీయ ఎస్టీ కమిషన్ నివేదిక పోయేదీ రాష్ట్రపతికే. వేరే ఏ కులానికైనా రాష్ట్రపతి దూరపు మనిషి కావచ్చు. మన కాగితాలన్నీ మాత్రం ఆ బల్ల మీదికే పోతాయి.

మరి మన కాగితం ఎవరు మోయాల? ఇక్కడ మన అనంతపురం సంగతి చెప్పుకోవాల. ఐదో షెడ్యూలు ప్రాంతాలు మన రాష్ట్రంలో ఉత్తరాంధ్రలో, గోదావరి పక్క ఉన్నాయి. రాయలసీమలో లేవు. ఎస్టీలకు కేటాయించిన ఏడు అసెంబ్లీ సీట్లు పాలకొండ, కురుపాం, సాలూరు, అరకు, పాడేరు, రంపచోడవరం, పోలవరం. రాయలసీమలో ఒక్కటీ లేదు. ఇన్ని సుగాలీ తాండాలు, ఎరుకల, యానాది వాడలు, నల్లమల చెంచు గూడేలు ఉన్న సీమకు ఎస్టీ ఎమ్మెల్యే సీటు సున్నా. సేవాలాల్ మహారాజ్ పుట్టిన గడ్డ అని గుత్తి పక్క సేవాగఢ్‌కు ఏటేటా లక్షల మంది వస్తారు, నాయకులు వచ్చి టవళ్ళు కప్పుకుని ఫొటోలు దిగుతారు. ప్రశ్న అడిగే చోట మాత్రం మనకు కుర్చీ లేదు.

రాష్ట్రపతిని ఎన్నుకునేది ఎంపీలు, ఎమ్మెల్యేలు. 2022లో మన రాష్ట్రంలో ఒక్కో ఎమ్మెల్యే ఓటు విలువ 159. ఎంపీ ఓటు విలువ 700. ఆ ఓటు ఎమ్మెల్యే సొంతం కాదు. జనాభాను బట్టి లెక్క కట్టిన విలువ అది, 1971 జనాభా లెక్కల ప్రకారం. అంటే మా తాతలు, మా అవ్వలు ఆ లెక్కలో ఉన్నారు. మన గుంతకల్లు ఎమ్మెల్యే వేసిన 159లో పామిడి తాండాల వాటా ఉంది. ఆ జులైలో ముర్ము గారు మంగళగిరికి, విజయవాడకు వచ్చినారు. అధికార పార్టీ ఒక హాల్లో, ప్రతిపక్షం ఇంకో హోటల్లో శాలువాలు కప్పినారు. ఇద్దరూ మద్దతే. మన రాష్ట్రం నుంచి యశ్వంత్ సిన్హాకు ఒక్క ఓటు కూడా పడలేదు. అన్ని ఓట్లూ ఆదివాసీ అభ్యర్థికే! కానీ ఆ రెండు హాళ్ళలో ఒక్కరన్నా లేచి "అమ్మా, మా రాష్ట్రం గిరిజనుల గురించి ఈ ప్రశ్న" అని అడిగినట్టు మేము ఎక్కడా చదవలేదు. అన్ని ఓట్లూ ఇచ్చి ఒక్క ప్రశ్న కూడా అడగని రాష్ట్రం మనది. సిగ్గు పడాల్సింది మాట్లాడని అభ్యర్థి కాదు, అడగని ఓటర్లు.

వేరే దేశంలో మనలాంటోళ్ళు ఏం చేసినారో చూడండి. అమెరికాలో అక్కడి మూలవాసులు 2019 ఆగస్టు 19, 20 తేదీల్లో అయోవా రాష్ట్రం సూ సిటీలో అధ్యక్ష అభ్యర్థుల కోసం సొంతంగా ఒక వేదిక పెట్టినారు. ఆ ఏడాదే చనిపోయిన విన్నెబాగో తెగ ఉద్యమకారుడు ఫ్రాంక్ లామేర్ పేరు పెట్టినారు. టీవీ యాంకరు కాదు, తెగల పెద్దలు, యువకులు ప్రశ్నలు అడిగినారు. ఒప్పందాలు ఎందుకు నిలబెట్టుకోలేదు, కనపడకుండా పోయిన మా ఆడబిడ్డల సంగతేంది అని. బెర్నీ శాండర్స్ వచ్చినాడు, ఎలిజబెత్ వారెన్ వచ్చింది. వారెన్ అంతకు ముందు తనలో మూలవాసుల రక్తం ఉందని చెప్పుకుని, పరీక్ష కూడా చేయించుకున్న మనిషి. ఆ వేదిక మీద ఆమె మొదట చేసిన పని, తన వల్ల జరిగిన నష్టానికి క్షమాపణ అడగడం. రక్తం చెప్పుకుని వస్తే చప్పట్లు కొట్టలేదు వాళ్ళు, జవాబు అడిగినారు. జనాభాలో వాళ్ళు మనకంటే చాలా తక్కువ శాతం. అయినా అభ్యర్థులు వాళ్ళ ఊరికి వచ్చి కూర్చున్నారు. ఎందుకంటే ప్రశ్నపత్రం వాళ్ళు రాసుకున్నారు.

మనం కూడా రాసుకుందాం. మేము హాస్టల్లో కూర్చొని ఒక ముసాయిదా రాసినాం. నూరు మార్కులు. భాషకు, ఇంగ్లీషుకు, గొంతుకు సున్నా మార్కులు. కులానికి, తెగకు కూడా సున్నా. ఏ భాషలో జవాబు చెప్పినా సరే, సంథాలీలో చెప్పినా సరే, అర్థం చేసుకునే బాధ్యత మనది.

1. మీరు ఇంతకు ముందు పదవిలో ఉన్నప్పుడు, ఆదివాసీలకు నష్టం చేసే కాగితం ఏదన్నా మీ బల్ల మీదికి వచ్చిందా? సంతకం పెట్టినారా, ఆపినారా? (30 మార్కులు. చేసిన పనికే ఎక్కువ మార్కులు.)

2. షెడ్యూల్డ్ ప్రాంతాల మీద గవర్నర్లు పంపే వార్షిక నివేదికలు సమయానికి రావాలని అడుగుతారా? జనం ముందర పెట్టిస్తారా? (15 మార్కులు)

3. షెడ్యూల్డ్ ఏరియా బయట ఉన్న రాయలసీమ తాండాల, వాడల, గూడేల భూములకు రక్షణ ఎట్లా? (15 మార్కులు)

4. 2023 మార్చిలో మన అసెంబ్లీ వాల్మీకి బోయలను ఎస్టీ జాబితాలో చేర్చాలని తీర్మానం చేసింది. బోయలు మా పక్కింటి పేదోళ్ళే, వాళ్ళ మీద మాకు పగ లేదు. కానీ జాబితా పెరిగితే రిజర్వేషన్ వాటా పెరుగుతాదా, లేక ఉన్న ముద్దనే ఇంకా చిన్న ముక్కలు చేస్తారా? అట్లాంటి చట్టం మీ సంతకానికి వస్తే ఈ ప్రశ్న అడుగుతారా? (15 మార్కులు)

5. ఏజెన్సీ బళ్ళలో టీచరు ఉద్యోగాలు స్థానిక గిరిజనులకే ఇచ్చే 2000 నాటి జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టేసింది. మన అక్కలు, అన్నలు కొలువుల అవకాశం పోగొట్టుకున్నారు. దానికి బదులు చట్టం కావాలంటే మీ మాట ఎటువైపు? (15 మార్కులు)

6. బెయిలు డబ్బులు లేక జైల్లో ఉన్న ఆదివాసీల కోసం ప్రసంగం కాకుండా ఏం చేస్తారు? (10 మార్కులు)

ఇది రెడీ అయిన పత్రం కాదు. మీరు దిద్దండి, కొట్టేయండి, కొత్తవి చేర్చండి. చెంచు తమ్ముళ్ళు, ఎరుకల, యానాది అక్కలు, మీ ప్రశ్న ఇందులో లేకపోతే అది మా పత్రం కాదు, మన పత్రం అసలే కాదు.

"అభ్యర్థి మన దగ్గరికి ఎందుకొస్తాడప్పా" అంటారు. రాడు. నామినేషన్ వేయాలంటేనే యాభై మంది ప్రతిపాదకులు, యాభై మంది బలపరిచేవాళ్ళు కావాల, అందరూ ఎంపీలు, ఎమ్మెల్యేలే. మన చేతికి అభ్యర్థి అందడు. కానీ ఓటేసే ఎమ్మెల్యే అందుతాడు. ఆయన పామిడికి పెళ్ళికి వస్తాడు, జాతరకు వస్తాడు, తాండాలో చావుకూ వస్తాడు. ఈ పత్రం ఆయన చేతిలో పెడదాం. "మీ అభ్యర్థితో వీటికి జవాబు రాయించుకుని రండి, వచ్చినాక మీ 159 ఎవరికో చెప్పండి" అందాం. "పార్టీ ఎట్లా చెప్తే అట్లా" అని తప్పించుకోవాలని చూస్తే ఒక మాట గుర్తుంచుకోండి. రాష్ట్రపతి ఎన్నికలో ఏ పార్టీ విప్ జారీ చేయకూడదు. రహస్య ఓటు. పార్టీ మాట వినకపోయినా సభ్యత్వం పోదు. విప్ లేని చోట సాకు కూడా లేదు.

2027కు టైముంది. ఒక్కో కాలేజీ హాస్టలు నుంచి ఇద్దరు, ఒక్కో తాండా నుంచి ఒకరు. పత్రం తెలుగులో ఒకటి, గోర్ బోలిలో ఒకటి. ప్రింటు ఖర్చు మేము చందాలేసుకుంటాం. ముర్ము గారే మళ్ళీ నిలబడినా సరే, వేరే ఆదివాసీ నిలబడినా సరే, ఆదివాసీ కాని మనిషి నిలబడినా సరే, పత్రం ఒకటే, మార్కులు ఒకటే.

టీవీలో "ఎవరు బాగా మాట్లాడినారు" అని రాత్రి తొమ్మిదింటికి చర్చ పెట్టేవాళ్ళు పెట్టుకుంటారు. మనం పొద్దున ఎమ్మెల్యే ఇంటి ముందర "ఏం జవాబిచ్చినారు" అని నిలబడదాం. ఎవరెవరు వస్తారో కింద కామెంట్లో ఊరు పేరు రాయండి. ప్రశ్నలు కూడా అక్కడే రాయండి. వచ్చే ఆదివారం లోపల మొదటి పత్రం తయారు చేసి గ్రూపులో పెడతాం.

జై సేవాలాల్!

మీ,
పామిడి హాస్టల్ గిరిజన విద్యార్థులు